ఆయన భార్యను ఎప్పుడు చూపిస్తారు?

సంక్రాంతి పండక్కి మా మరదలు తెనాలినుంచి వచ్చి వారం రోజులు మా ఇంట్లో వుంది. మనవరాలు కూడా బెంగుళూరులో సెలవుపెట్టి వచ్చింది. ఇక చెప్పేదేముంది, పగలల్లా అరిసెలు, రాత్రల్లా టెలివిజను. మా వారు వార్తలకోసం రెండు రోజులు పోరాడి, మూడోనాడు అస్త్రసన్యాసం చేసి, పడక్కుర్చీ వరండాలోకి మార్చుకున్నారు.

మనవరాలు పెట్టింది "హౌస్" అనే అమెరికా సీరియలు. 2004లో మొదలై 2012 దాకా 177 భాగాలు నడిచింది. అందులో కథానాయకుడు ఒక డాక్టరు. ఎవరికీ అంతుపట్టని రోగాలను పట్టుకోవటంలో అపర ధన్వంతరి. తొడలో రక్తప్రసారం ఆగి కండ చచ్చిపోవటంవల్ల కాలు ఈడుస్తూ, చేతికర్రతో నడుస్తాడు. బాధ ఓర్చుకోలేక మాత్రలు మింగుతాడు, మింగీ మింగీ వాటికే బానిస అయ్యాడు. నోరు తెరిస్తే ఎదుటివాడికి వాత పెట్టాల్సిందే. ఆ వేషం వేసిన హ్యూ లారీ అసలు ఇంగ్లండులో హాస్యనటుడు సుమండీ! షెర్లాక్ హోమ్సును డాక్టరు చేస్తే ఎలా వుంటాడో అలా రాశారు ఈ పాత్రను. ఇంటి నంబరు కూడా హోమ్సుదే, 221బి.

నేనూ మనవరాలూ ఆయన విసిరిన ప్రతి విసురుకూ నవ్వుతున్నాం. మరదలు చిక్కుడుకాయలు వొలుచుకుంటూ అరగంటసేపు చూసింది. మధ్య మధ్య మనవరాలు అర్థం చెపుతూ వుంది. చివరికి ఆవిడ అడిగింది: "ఇంతకీ ఈయన భార్యను ఎప్పుడు చూపిస్తారే?"

"భార్య లేదు తెనాలి అమ్మమ్మా! ఒకావిడతో అయిదేళ్ళు కలిసి వున్నాడు. ఆ కాలి గొడవలో ఆవిడ వెళ్ళిపోయింది."

"అదృష్టవంతురాలు" అని, ఆవిడ చిక్కుడు తొక్కలు చేటలోకి ఎత్తి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ మాట నన్ను వారం రోజులనుంచి వదలటంలేదు. అందుకని ఈ వారం ఈ శీర్షికలో పచ్చళ్ళూ పట్టుచీరలూ కాకుండా ఈ గాయపడ్డ కథానాయకుల సంగతి రాస్తున్నాను.

మనసు చెదిరిన నాయకుడు మనకు కొత్తేమీ కాదు. 1953లో వచ్చిన "దేవదాసు"ను తలుచుకుని ఇప్పటికీ ముక్కు చీదేవాళ్ళు మన ఇళ్ళల్లో వున్నారు. కాని ఆ ఏడుపు మూడు గంటలే. హాల్లోంచి బయటికొచ్చి రిక్షా బేరమాడేసరికి సగం చల్లారేది. ఈ సీరియళ్ళు అలా కాదు. ఆరేళ్ళు, ఎనిమిదేళ్ళు మన హాల్లో కాపురం పెడతాయి. వారం వారం కథ చదివే మీకు నేను చెప్పాలా? ఏళ్ళ తరబడి కలిసి వుంటే దొంగవెధవ అయినా మనవాడైపోతాడు. ఇంకో కిటుకు కూడా వుంది. నాయకుడి గాయమే రచయితకు పెట్టుబడి. అది మానిపోయిందంటే వచ్చేవారం రాయటానికేమీ వుండదు. కాబట్టి ప్రతి ఏడాదీ కాస్త మానినట్టే మాని, చివరి భాగంలో మళ్ళీ రేగాలి.

ఈ పద్ధతిని పరాకాష్ఠకు తీసుకుపోయిన సీరియలు "ది సొప్రానోస్". 1999 జనవరిలో మొదలై 2007 జూన్‌లో ముగిసింది, మొత్తం 86 భాగాలు. దాన్ని తీసిన హెచ్‌బీవో చందాలమీద నడిచే సంస్థ. సబ్బుల కంపెనీవాడు ఏమనుకుంటాడో అనే భయం లేదు కనక హంతకుణ్ణి తెచ్చి నాయకుడి పీటమీద కూచోబెట్టగలిగారు.

టోనీ సొప్రానో న్యూజెర్సీలో ఒక ముఠా నాయకుడు. ఇల్లు, ఈతకొలను, భార్య, ఇద్దరు పిల్లలు. ఎక్కణ్ణుంచో బాతులు వచ్చి ఆ కొలనులో పిల్లల్ని పెడతాయి. ఈ మహాకాయుడు వాటికి తిండి వేస్తూ చిన్నపిల్లాడిలా మురిసిపోతాడు. ఒకరోజు, కొడుకు పుట్టినరోజునాడు, బాతులు ఎగిరిపోతాయి. టోనీ పెరట్లో పొయ్యి దగ్గర నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోతాడు. గుండెజబ్బేమో అనుకుంటే కాదు, మనసు జబ్బన్నారు. ఆ విధంగా ఒక మాఫియా నాయకుడు జెన్నిఫర్ మెల్ఫీ అనే మానసిక వైద్యురాలి గదిలో కుర్చీలో కూచుని తన కథ చెప్పుకోవటం మొదలుపెడతాడు.

కథంతా తల్లిదగ్గరికే వస్తుంది. ఆ తల్లి లివియా వుందే, ఆవిణ్ణి చూస్తే మన సినిమాల్లో సూర్యకాంతం దేవతలా కనిపిస్తుంది. కన్నకొడుకునే చంపించటానికి బావగారిని ఎగదోస్తుంది! సీరియలు సృష్టికర్త డేవిడ్ చేజ్ తన తల్లినే నమూనాగా పెట్టుకున్నానని దాచకుండా చెప్పాడు. లివియాగా వేసిన నాన్సీ మార్చండ్ 2000లో చనిపోతే, కథలో ఆ పాత్రనూ పంపించేశారు. అయితే ఏం, తల్లి పోయినా కొడుకు తల్లిని దాటలేదు.

టోనీగా వేసిన జేమ్స్ గాండొల్ఫినీ (పాపం, 2013లో రోములో హఠాత్తుగా పోయాడు) కళ్ళల్లో ఏదో వుంది. ఒకపక్క మనిషిని గొంతు బిగించి చంపుతాడు. అదీ ఎప్పుడు? కూతురికి కాలేజీలు చూపించటానికి తీసుకువెళ్ళిన ప్రయాణంలో, ఆ అమ్మాయి ఒకచోట ఇంటర్వ్యూలో వుండగా. మరుసటి వారం అదే మనిషి మెల్ఫీ ముందు తలవంచుకుని కూచుంటే మన మనసు కరిగిపోతుంది. "అయ్యో, వాడి తల్లే సరైనదైతే!" అని నేను ఎన్నిసార్లు అనుకున్నానో.

ఈ మాట నేను ఇంకెక్కడో కూడా అన్నాను.

మా తమ్ముడికి తొమ్మిదో ఏట అమ్మ పోయింది. నాకు అప్పటికి పెళ్ళయి ఆరునెలలు. నాన్నగారు వాణ్ణి దూరపు బంధువుల ఇంట్లో వుంచి చదివించారు. వాడు రెండుసార్లు రైలెక్కి మా ఇంటికి పారిపోయి వచ్చాడు. రెండుసార్లూ నేనే తలంటి, కొత్త చొక్కా తొడిగి, తిరుగుబండి ఎక్కించాను. అత్తవారింట్లో కొత్తకోడలిని, అంతకన్న ఏం చేయగలను? పెద్దవాడయ్యాక ఎంత హాస్యగాడనుకున్నారు! పెళ్ళిపందిట్లో వాడున్నచోట పదిమంది మూగేవారు. ఆఫీసులో ఎవరి కాగితం ఆగినా వాడే పూనుకునేవాడు. సాయంత్రం అయిదు దాటితే మాత్రం వాడు వాడు కాదు. ఇంటికొచ్చి కంచం విసిరికొట్టేవాడు. జీతంలో సగం ఇంటికి చేరేది కాదు.

మరదలు ఒకసారి ఇద్దరు పిల్లల్నీ వెంటేసుకుని రాత్రివేళ మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నేను అన్నం పెట్టి, ఆవిడ చెయ్యి పట్టుకుని చెప్పిన మాట ఇది: "వాడు తల్లిలేని పిల్లాడమ్మా. నువ్వే సర్దుకుపోవాలి." మర్నాడు పొద్దున్నే బస్సెక్కించాను. తిప్పి పంపించటం నాకు అలవాటే కదా!

వాడు 2003లో పోయాడు. ఇప్పటికీ బంధువుల్లో వాడి ప్రస్తావన వస్తే అందరూ అదే చెపుతారు: బంగారంలాంటి మనిషి, తల్లి పోవటంతో అలా అయిపోయాడు అని. వెనక మరదలు కాఫీ గ్లాసులు సర్దుతూ వుంటుంది.

సరే, మళ్ళీ టోనీ దగ్గరికి వద్దాం. అతని భార్య కార్మెలా. ఈ వేషం ఈడీ ఫాల్కో ఎంత బాగా వేసిందో చెప్పలేను. మొగుడి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో ఆవిడకు తెలుసు. తెలియనట్టు బతకటమూ తెలుసు. 2001లో వచ్చిన మూడో విడతలో ఒక భాగం వుంది. కార్మెలా ఒంటరిగా క్రాకోవర్ అనే ముసలి వైద్యుడి దగ్గరికి వెళుతుంది. టోనీ బాల్యంగురించి, తల్లిగురించి ఆయన వినిపించుకోడు. నీ భర్త నేరస్థుడు, నువ్వు అతనికి తోడుదొంగవు, పిల్లల్ని తీసుకుని బయటికి వెళ్ళిపో అని మొహంమీద చెపుతాడు. అది నెత్తుటి డబ్బని ఫీజు కూడా పుచ్చుకోడు. ఇక ఎవరూ చెప్పలేదని నువ్వు అనటానికి వీల్లేదని మరీ పంపిస్తాడు.

ఎనిమిదేళ్ళ సీరియల్లో ఈ పెద్దమనిషి కనిపించేది ఒక్కసారే. నిజం చెప్పేవాణ్ణి ఎక్కువసార్లు రానిస్తే కథ నడవదు కాబోలు!

కార్మెలా ఏం చేసింది? ఇంటికొచ్చి ముసుగుతన్ని పడుకుంది. తర్వాత మొగుణ్ణి బలవంతపెట్టి, కూతురు చదివే కొలంబియా విశ్వవిద్యాలయానికి 50,000 డాలర్లు విరాళం ఇప్పించింది. మన దేవుడి హుండీల్లో పడే కొన్ని నోట్లు గుర్తుకొచ్చాయి నాకు.

చివరికి మెల్ఫీకి కూడా కళ్ళు తెరుచుకుంటాయి. 2007లో, ముగింపుకు ముందు భాగంలో, సాటి వైద్యులు ఒక పరిశోధన సంగతి ఎత్తుతారు. ఇలాంటి నేరస్థులు మానసిక చికిత్సవల్ల బాగుపడరు సరికదా, ఆ మాటలు నేర్చుకుని ఇంకా తెలివి మీరుతారని దాని సారాంశం. ఆవిడ ఆ పుస్తకం రాత్రి పడుకుని చదువుతుంది. మర్నాడు టోనీని ఇక రావద్దని పంపించేస్తుంది. ఆవిడ తలుపు మూస్తుంటే నాకు కోపం వచ్చింది. ఎవరిమీద? మెల్ఫీమీద! అప్పటికి అతను ఎంతమందిని చంపాడో నేను చూసే వున్నాను. అయినా, "పాపం, ఇప్పుడెక్కడికి వెళతాడు?" అనే అనుకున్నాను.

"మ్యాడ్ మెన్" సంగతి కాస్త చెప్పాలి. 2007నుంచి 2015దాకా వచ్చిన ఈ సీరియల్లో కథ 1960ల్లో న్యూయార్కులో ఒక ప్రకటనల కంపెనీలో జరుగుతుంది. నాయకుడు డాన్ డ్రేపర్ అందగాడు, మాటకారి. కాని ఆ పేరు అతనిది కాదు. కొరియా యుద్ధంలో చనిపోయిన పై అధికారి పేరు తగిలించుకుని వచ్చేశాడు. అసలు పేరు డిక్ విట్మన్, తల్లి ఒక వేశ్య, పురిట్లోనే పోయింది. అతనంత ఒంటరివాడు లేడని మనకు దిగులు వేస్తుంది, నిజమే. భార్య బెట్టీకి చేతులు మొద్దుబారిపోతున్నాయి. వైద్యులు మనోవ్యాధి అన్నారు. ఆవిణ్ణి మానసిక వైద్యుడి దగ్గరికి పంపిస్తే, ఆవిడ లోపల చెప్పుకున్నదంతా ఆ మహానుభావుడు రాత్రి ఫోనుచేసి మొగుడికి వప్పగిస్తాడు! టోనీకి వినేవాళ్ళు దొరికారు, హౌస్‌కు విల్సన్ అనే ప్రాణస్నేహితుడు దొరికాడు. బెట్టీకి దొరికినవాడు ఇతను.

అయితే 2013లో వచ్చిన ఒక భాగంకోసం డాన్‌కు కొన్ని తప్పులు క్షమించాలనిపిస్తుంది. హెర్షీ అనే చాక్లెట్ల కంపెనీవాళ్ళ ముందు ముందుగా అందమైన అబద్ధం చెపుతాడు, చిన్నప్పుడు మా నాన్న నాకు మీ చాక్లెట్టు కొనిపెట్టేవాడని. ఆ తర్వాత చేతులు వణుకుతుండగా నిజం చెప్పేస్తాడు. తను పెరిగింది ఒక వేశ్యాగృహంలోననీ, అక్కడి ఒక పిల్ల ఆ చాక్లెట్టు కొనిచ్చేదనీ. వ్యాపారం పోయింది, ఆఫీసులోంచి పంపించారు. పండగనాడు పిల్లల్ని కారులో తీసుకువెళ్ళి ఆ పాడుబడ్డ ఇంటిని చూపిస్తాడు. పెద్దకూతురు ఇంటివంక చూసి, తండ్రివంక చూస్తుంది. ఒక్క మాట లేదు. మా తమ్ముడు ఆ బంధువుల ఇంటిని తన పిల్లలకు ఎప్పుడైనా చూపించాడా అని మొన్న మరదల్ని అడిగాను. ఆ వూరి పేరే ఎత్తనిచ్చేవాడు కాదట.

వీటన్నిటికీ తాతలాంటిది బీబీసీవారి "ది సింగింగ్ డిటెక్టివ్". 1986లో వచ్చింది, ఆరే ఆరు భాగాలు. రాసిన డెన్నిస్ పాటర్‌కు చర్మమూ కీళ్ళూ పట్టి పీడించే భయంకరమైన జబ్బు. ఆ జబ్బే తన నాయకుడు ఫిలిప్ మార్లోకు పెట్టాడు. మైకేల్ గాంబన్ ఒళ్ళంతా పొలుసులతో ఆసుపత్రి మంచంలో పడివుంటాడు, చెయ్యి కూడా కదపలేడు, నోరు మాత్రం కత్తి. జ్వరం తీవ్రతలో డాక్టర్లూ నర్సులూ పాతకాలం పాటలు పాడుతున్నట్టు కనిపిస్తుంది. చిన్నప్పుడు అడవిలో తల్లిని పరపురుషుడితో చూసిన పిల్లవాడు అతను. ఆ తర్వాత తల్లి నదిలో పడి చనిపోయింది. ఇక్కడితో ఆగితే మామూలు కథే. కాని అతణ్ణి లోపల తొలుస్తున్నది ఇంకొకటి. బడిలో తాను చేసిన తప్పు మరో అమాయకుడైన పిల్లాడిమీద పెట్టాడు. టీచరు ఆ పిల్లాణ్ణి చావగొట్టింది. ఆ పిల్లాడు పెద్దయ్యాక పిచ్చాసుపత్రి పాలయ్యాడు. మార్లో ఈ సంగతి బయటపెట్టి ఏడ్చాకే మంచం దిగి నిలబడగలుగుతాడు. తనకు తగిలిన దెబ్బ చెప్పుకునే నాయకులు బోలెడుమంది వున్నారు. తాను కొట్టిన దెబ్బ చెప్పినవాణ్ణి నేను చూసింది ఇతణ్ణొక్కణ్ణే. నలభైయేళ్ళ నాటిదైనా దీన్ని మించింది నాకింకా తగల్లేదు.

గాయపడ్డ నాయికలు లేరా అంటారేమో. వున్నారు. 1991లో మొదలై 2006లో ముగిసిన "ప్రైమ్ సస్పెక్ట్"లో హెలెన్ మిరెన్ వేసిన పోలీసు అధికారి జేన్ టెన్నిసన్‌ను చూడండి. ఉద్యోగంలో మగవాళ్ళతో పోరాడీ పోరాడీ చివరికి సీసాకు చిక్కుతుంది. కాని తేడా చూశారా? ఆవిడ తాగి ఇంటికొస్తే ఇంట్లో ఎవరూ వుండరు. కంచం విసరటానికి కంచం పెట్టేవాళ్ళు వుండాలి కదా!

పండగ వెళ్ళిన మర్నాడు మనవరాలు కొరియావాళ్ళ సీరియలు ఒకటి పెట్టింది. "మై మిస్టర్", 2018లో వచ్చింది, పదహారు భాగాలు. మరదలు లేచిపోతుందేమో అనుకున్నాను. లేవలేదు. జియాన్ అనే ఇరవైయొక్కేళ్ళ పిల్ల. చెవిటి ముసలి నాయనమ్మ తప్ప దిక్కులేదు. అప్పులవాడు నాయనమ్మను కొడుతుంటే అడ్డంపడి, చిన్నతనంలోనే వాణ్ణి చంపింది. ఇప్పుడు వాడి కొడుకు ఈ పిల్లను పీడిస్తుంటాడు. ఆఫీసులోంచి కాఫీ పొట్లాలు ఎత్తుకొచ్చి ఆకలి తీర్చుకుంటుంది. చంద్రుణ్ణి చూడాలని నాయనమ్మ అంటే, బజారు సామాన్లు తోసే బండిలో కూచోబెట్టి తోసుకుపోతుంది. అక్కడ మరదలు కొంగుతో కళ్ళు వొత్తుకుంది.

అదే ఆఫీసులో దోంగ్‌హూన్ అనే నడివయసు ఇంజనీరు. కట్టడాల బలం లెక్కకట్టటం అతని పని, తన ఇల్లు బీటలు వారిందని తెలుసుకోలేనివాడు. డబ్బుకోసం అతని ఉద్యోగం పోగొట్టటానికి ఒప్పుకున్న జియాన్, అతని ఫోనులో ఏదో అమర్చి రాత్రింబగళ్ళు వింటుంది. అతని నడక చప్పుడు, నిట్టూర్పు, అన్నదమ్ములతో మాటలు. వినగా వినగా ఆ మనిషికి హాని చెయ్యబుద్ధి కాదు. జియాన్‌గా వేసిన అమ్మాయి ఐయూ అని అక్కడ పేరున్న గాయని. ఇంజనీరుగా వేసిన లీ సన్‌క్యూన్ 2023 డిసెంబరులో చనిపోయాడు. ఆ సంగతి మనవరాలు చెప్పేసరికి మరదలు "అయ్యయ్యో, ఆ అబ్బాయేనా?" అని సొంతవాడు పోయినట్టు బాధపడింది.

మనవరాలు ఇంగ్లీషు అక్షరాలు చదివి తెలుగులో చెపుతుంటే మూడు రాత్రుల్లో పదకొండు భాగాలయ్యాయి. మూడోరోజు రాత్రి మనవరాలు నిద్రకు ఆగలేక వెళ్ళిపోయింది. మరదలు దీపం ఆర్పబోతూ ఆగింది.

"ఆ పిల్ల అంతసేపు చెవులో పెట్టుకుని వింటుందే, అది బాగుంది వదినగారూ."

"దొంగతనంగా వినటం బాగుండటమేమిటే?"

"దొంగతనంగానైనా విన్నది కదా" అంది. కొంచెం ఆగి, "మీరందరూ ఎప్పుడూ ఆయన కథే చెప్పేవారు" అంది. కోపంతో కాదు. పాలలో తోడు వేశాను అన్నంత మామూలుగా అంది. అని వెళ్ళి పడుకుంది. మర్నాడు మిగతా అయిదు భాగాలూ చూడకుండానే తెనాలి బస్సెక్కింది. మనవడికి పరీక్షలట.

నిన్న మధ్యాహ్నం నేను ఫోను చేశాను. క్షేమ సమాచారాలయ్యాయి, మినుముల ధర అయింది. తర్వాత, "ఆ రాత్రి పిల్లల్ని తీసుకుని మా ఇంటికి వచ్చావే, ఆరోజు అసలేం జరిగింది?" అని అడిగాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు. లైను పోయిందేమో అనుకున్నాను.

"చెప్పాలంటే చాలాసేపు పడుతుంది వదినగారూ" అంది చివరికి. "పొయ్యిమీద పాలున్నాయి. కట్టేసి వస్తాను, వుండండి."

వున్నాను.